ఏడవని బిడ్డ: నవజాత శిశువు అనారోగ్యం, ఆసుపత్రి సంరక్షణ

పురిటి బిడ్డ ఏడవకుండా, పాలకు లేవకుండా రోజంతా నిద్రపోతూ ఉంటే చూడవచ్చిన ఇరుగుపొరుగువారు మెచ్చుకుంటారు. ‘ఎంత బుద్ధిమంతురాలమ్మా మీ పాప, ఎవరినీ ఇబ్బంది పెట్టదు’ అంటారు. పుట్టిన బిడ్డ ఎక్కువసేపు నిద్రించడం సహజమే. అయితే ఆరోగ్యవంతమైన బిడ్డ రెండు మూడు గంటలకొకసారి మేల్కొంటుంది, రొమ్ము అందగానే బలంగా చప్పరిస్తుంది. అలా మేల్కొనని, చప్పరించని బిడ్డ నిశ్శబ్దం మంచితనానికి గుర్తు కాదు. పెద్దవారికి జబ్బు చేస్తే మూలుగుతారు, చెప్పుకుంటారు. పసికందుకు జబ్బు చేస్తే మాత్రం చాలావరకు మౌనంగా ఉండిపోతుంది.

నవజాత శిశువును బ్రతికించేది ఆసుపత్రిలోని యంత్రం ఒక్కటే కాదు. ఆ యంత్రం వద్దకు బిడ్డ ఏ వేళకు, ఎంత వెచ్చగా చేరింది, చేరిన తరువాత తల్లి ఎంత దగ్గరగా, ఎన్నాళ్లు నిలిచింది అనే విషయాలు కూడా బిడ్డ ప్రాణాన్ని నిర్ణయిస్తాయి. మొదటిది ఆసుపత్రి బాధ్యత. మిగిలినవి మనందరి బాధ్యత. ఈ పాఠంలో వాటినే తెలుసుకుందాం.

తొలి ఇరవై ఎనిమిది దినాలు

పుట్టిన క్షణం నుండి 28 దినాలు నిండే వరకు గల కాలాన్ని నవజాత దశ అంటారు. మానవ జీవితంలో ఇంత ప్రమాదభరితమైన నెల మరొకటి లేదు. 2022లో ప్రపంచమంతటా దాదాపు 23 లక్షల మంది శిశువులు ఈ నెల దాటకుండానే మరణించారు. ఇటువంటి మరణాలలో నాలుగింట మూడు వంతులు తొలి వారంలోనే సంభవిస్తాయి. మన దేశంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వేయి సజీవ జననాలకు నవజాత మరణాలు 2015-16లో 29.5 ఉండగా, 2019-21 నాటికి 24.9కి తగ్గాయి. అదే సర్వేలో ఒడిశా అంకె 27. ఈ సంఖ్యను 2030 నాటికి పదికన్నా తక్కువకు తేవాలని 2014లో ప్రకటించిన భారత నవజాత కార్యాచరణ ప్రణాళిక సంకల్పించింది.

కోరాపుట్, రాయగడ జిల్లాలలో ఈ లక్ష్యానికి రెండు సహజమైన అడ్డంకులు ఉన్నాయి. ఒకటి దూరం, రెండవది చలి. కాశీపూర్, నారాయణపట్న, దశమంత్‌పూర్ వంటి ప్రాంతాలలో ఎన్నో గ్రామాలు కొండల నడుమ విసిరేసినట్లు ఉంటాయి. వానాకాలంలో వాగు పొంగితే వాహనం నిలిచిపోతుంది. కోరాపుట్ పీఠభూమి మీద మార్గశిర పుష్య మాసాల రాత్రులు పెద్దలనే వణికిస్తాయి. ఇక కిలోన్నర బరువున్న బిడ్డ సంగతి చెప్పనక్కరలేదు.

బిడ్డ ఎందుకు జబ్బుపడుతుంది

నవజాత శిశువుల అనారోగ్యానికి ప్రధాన కారణాలు నాలుగు.

మొదటిది నెలలు నిండకముందే పుట్టడం లేదా తక్కువ బరువుతో పుట్టడం. రెండున్నర కిలోలకు తక్కువ ఉంటే తక్కువ బరువు అంటారు. తల్లి రక్తహీనత, చిన్న వయసులో గర్భం, వెంటవెంటనే కాన్పులు, గర్భిణిగా ఉండగా వచ్చే మలేరియా ఇందుకు దారితీస్తాయి. మలేరియా క్రిములు మాయలో చేరి బిడ్డకు అందవలసిన పోషణను అడ్డుకుంటాయి. అందువల్ల మన జిల్లాలలో చూలాలు దోమతెరలో పడుకోవడం పుట్టబోయే బిడ్డ బరువును కాపాడే పని కూడా.

రెండవది పుట్టగానే ఊపిరి అందకపోవడం. ఏడవని బిడ్డకు మొదటి నిమిషంలోనే తుడిచి, వెచ్చపరచి, అవసరమైతే సంచీ, ముసుగు సాయంతో ఊపిరి అందించాలి. ఆ నిమిషం దాటుతున్నకొద్దీ మెదడుకు ముప్పు పెరుగుతుంది. ఇంటి వద్ద కాన్పు జరిగితే ఆ నిమిషంలో ఆదుకునే పరికరం గాని, శిక్షణ పొందిన చేయి గాని దొరకడం అరుదు. ఆసుపత్రిలోనే కాన్పు జరగాలని పదే పదే చెప్పడానికి ఇదే ముఖ్య కారణం.

మూడవది సూక్ష్మజీవుల దాడి. రక్తంలోకి సూక్ష్మజీవులు చేరితే వైద్యులు దానిని సెప్సిస్ అంటారు. శుభ్రం చేయని చేతులు, బొడ్డుపై పూసిన పసుపు, ఆముదం, బూడిద, సీసా పాలు ఇందుకు ద్వారాలు తెరుస్తాయి. బొడ్డుపై ఏమీ పూయకుండా పొడిగా విడిచిపెడితే అదే ఎండి రాలిపోతుంది.

నాలుగవది కామెర్లు. పుట్టిన రెండవ లేదా మూడవ నాడు ముఖం కొద్దిగా పసుపుపచ్చగా మారడం చాలామంది బిడ్డలలో కనిపిస్తుంది, దానంతట అదే తగ్గుతుంది. అయితే తొలి 24 గంటలలోనే పచ్చదనం కనిపించినా, అరచేతులకు, అరికాళ్లకు పాకినా అది ప్రమాదమే. చికిత్స ఆలస్యమైతే ఆ పచ్చని పదార్థం మెదడుకు చేరి శాశ్వతమైన హాని కలిగించగలదు. ఒడిశా గిరిజన సమూహాలలోనూ, ఇతరులలోనూ కొందరికి పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉంటుంది. అటువంటి బిడ్డ బట్టలలో కలరా ఉండలు వేస్తే ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమై కామెర్లు తీవ్రమవుతాయి. పెట్టెలో దాచిన పాత బట్టలను ఉతికి, ఎండలో ఆరబెట్టిన తరువాతే బిడ్డకు వాడాలి.

మౌనంగా వచ్చే లక్షణాలు

ఈ క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా మరుసటి ఉదయం వరకు ఆగకూడదు.

బిడ్డ పాలు త్రాగడం మానివేయడం, లేదా చప్పరించే బలం తగ్గడం. కదిపితే తప్ప కదలకపోవడం. నిమిషానికి 60 లేదా అంతకు మించి ఊపిరి తీయడం, ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోనికి పోవడం, మూలుగు వినిపించడం. పెదవులు, నాలుక నీలిరంగుకు మారడం. ఒళ్లు కాలిపోవడం, లేదా చల్లబడిపోవడం. మూర్ఛ రావడం. అరికాళ్లు పచ్చబడడం.

వీటిలో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది చల్లబడిపోవడం. జ్వరం వస్తే అందరూ కంగారుపడతారు. కాని చిన్న బిడ్డలో సూక్ష్మజీవుల దాడి జరిగినప్పుడు శరీరం వేడెక్కడానికి బదులు చల్లబడవచ్చు. దీనిని తెలుసుకోవడానికి పరికరం అవసరం లేదు. చేతి వెనుక భాగంతో ముందు బిడ్డ పొట్టను, తరువాత పాదాలను తాకి చూడాలి. రెండూ వెచ్చగా ఉంటే మేలు. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే చలి మొదలైందన్నమాట. వెంటనే బిడ్డను తల్లి ఎదకు చేర్చాలి. రెండూ చల్లగా ఉంటే అది అపాయ స్థితి.

మన ఇళ్లలో పెద్దవారు బిడ్డను కాళ్లమీద పడుకోబెట్టి నలుగు పెట్టి నీళ్లు పోయడం ఆప్యాయతతో చేసే పని. ఆ ముచ్చటను ఎవరూ కాదనరు. కాని పుట్టిన తొలి 24 గంటలలో స్నానం చేయిస్తే బిడ్డ త్వరగా చల్లబడుతుంది. తక్కువ బరువు బిడ్డ విషయంలో బరువు పెరిగి, వైద్య సిబ్బంది సమ్మతించే వరకు స్నానం వాయిదా వేయడమే శ్రేయస్కరం. సాంబ్రాణి పొగ కూడా ఆ లేత ఊపిరితిత్తులకు తగదు.

దారిలో కాపాడవలసినది వెచ్చదనం

కాశీపూర్ కొండల్లోని ఒక గ్రామంలో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను రాయగడ ఆసుపత్రికి తరలిస్తున్నారని అనుకుందాం. తల్లిని ఇంట విడిచి, బిడ్డను దుప్పటిలో చుట్టి నాయనమ్మ ఒడిలో పెట్టుకుని బయలుదేరారు. దుప్పటి వేడిని పుట్టించదు, ఉన్న వేడిని నిలుపుతుందంతే. బిడ్డ అప్పటికే చల్లబడి ఉంటే దుప్పటిలోనూ చల్లగానే ఉంటుంది. చల్లబడిన బిడ్డ రక్తంలో చక్కెర పడిపోతుంది, ఊపిరి మందగిస్తుంది. ఆసుపత్రి చేరేసరికి మొదటి జబ్బుకు మరి రెండు జబ్బులు తోడవుతాయి.

ఇదే ప్రయాణాన్ని మరొక విధంగా చేయవచ్చు. బిడ్డకు టోపీ, మేజోళ్లు, లంగోటీ మాత్రమే ఉంచి తల్లి రొమ్ముల నడుమ చర్మానికి చర్మం తగిలేలా నిలువుగా పెట్టుకోవాలి. బిడ్డ ముక్కు, నోరు మూసుకుపోకుండా తలను ఒక ప్రక్కకు త్రిప్పాలి. చీర కొంగుతో కట్టి, పైన దుప్పటి కప్పాలి. తల్లి రాలేని స్థితిలో ఉంటే తండ్రి గాని, నాయనమ్మ గాని ఆ పని చేయవచ్చు. బిడ్డ త్రాగగలిగితే దారిలో పాలు పట్టవచ్చు. అంబులెన్సు కోసం 108కు గాని 102కు గాని ఫోన్ చేయాలి. జబ్బుపడిన నవజాత శిశువుకు ప్రయాణం, చికిత్స, మందులు, పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. 2011 జూన్ 1న ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కల్పించిన హక్కు ఇది.

కాన్పు సమయం దగ్గరపడిన దూరపు గ్రామాల గర్భిణులు ముందుగానే ఆసుపత్రికి సమీపంలో ఉండేందుకు ఒడిశాలో ‘మా గృహ’ వసతి కేంద్రాలు ఏర్పడ్డాయి. వాగు దాటవలసిన ఊరి చూలాలికి నొప్పులు మొదలయ్యాక వెదికే వాహనం కన్నా ఇది ఎంతో మేలు. నెలలు నిండకుండా కాన్పు జరిగే సూచన ఉంటే 24 నుండి 34 వారాల మధ్య తల్లికి ఇచ్చే డెక్సామెథసోన్ సూదిమందు బిడ్డ ఊపిరితిత్తులను పక్వం చేస్తుంది. తల్లి సకాలంలో చేరితేనే ఆ మందుకు పని చేసే వ్యవధి ఉంటుంది.

ప్రత్యేక విభాగం తలుపు వెనుక

ఒడిశాలో వైద్య కళాశాల ఆసుపత్రులు, జిల్లా ముఖ్య ఆసుపత్రుల స్థాయిలో ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ విభాగాలు పనిచేస్తాయి. ఎస్‌ఎన్‌సీయూ అని అందరూ పిలిచేది వీటినే. కోరాపుట్‌లో 2017లో ప్రారంభమైన షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల, రాయగడలోని జిల్లా ముఖ్య ఆసుపత్రి ఈ ప్రాంతానికి ఆధారం. రాయగడ జిల్లాలోని బిస్సంకటక్‌లో 1954లో డెన్మార్క్ వైద్యురాలు డాక్టర్ ఎలిజబెత్ మ్యాడ్సన్ స్థాపించిన క్రైస్తవ ఆసుపత్రి కూడా దశాబ్దాలుగా కొండ ప్రాంత ప్రజలకు సేవ చేస్తున్నది. 1,800 గ్రాములకు తక్కువ బరువున్న బిడ్డను, 34 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డను, పైన చెప్పిన అపాయ లక్షణాలున్న బిడ్డను ఎస్‌ఎన్‌సీయూలో చేర్చుకుంటారు.

లోపల తీగలు, దీపాలు, గొట్టాల నడుమ బిడ్డను చూసిన తల్లిదండ్రులు భయపడడం సహజం. వాటి పని తెలిస్తే ఆ భయం తగ్గుతుంది.

పైనుండి వేడినిచ్చే పరికరం తల్లి కడుపులోని వెచ్చదనానికి బదులు. నీలి కాంతి దీపం కామెర్లకు చికిత్స. 1950వ దశకంలో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ జీన్ వార్డ్ అనే నర్సు పసిబిడ్డలను ఎండలోకి తీసుకువెళ్లేది. ఎండ తగిలిన చోట చర్మంపై పచ్చదనం తగ్గిందని, బట్ట కప్పిన చోట అలాగే ఉందని ఆమె గమనించి వైద్యులకు చూపింది. ఆ పరిశీలన నుండే కాంతి చికిత్స పుట్టింది. అయితే ఎండలో ఉంచడం దానికి ప్రత్యామ్నాయం కాదు. ఎండలో కావలసిన కాంతి మోతాదు నిలకడగా అందదు, బిడ్డ చల్లబడవచ్చు లేదా కమిలిపోవచ్చు.

ముక్కుకు అమర్చే చిన్న గొట్టం సీప్యాప్ అనే పరికరానిది కావచ్చు. నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తులలోని గాలి అరలు ఊపిరి విడిచిన ప్రతిసారీ ముడుచుకుపోతాయి. సన్నని గాలి ఒత్తిడితో వాటిని తెరిచి ఉంచడమే సీప్యాప్ పని. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు జాన్ కెన్నెడీ కుమారుడు ప్యాట్రిక్ అయిదు వారాలకు పైగా ముందుగా, సుమారు 2.1 కిలోల బరువుతో పుట్టి, ఈ ఊపిరితిత్తుల జబ్బుతోనే రెండు రోజులలో మరణించాడు. ప్రపంచంలోకెల్లా శక్తిమంతమైన దేశాధినేతకు కూడా నాడు దక్కని చికిత్స 1971లో వైద్యులు ప్రకటించిన ఈ పద్ధతితో సాధ్యమైంది. నేడు అంతటి బరువున్న బిడ్డ సకాలంలో తగిన విభాగానికి చేరితే బ్రతికే అవకాశం ఎక్కువ.

తల్లి ఎదే శయ్య

1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఒకే దానిలో ఇద్దరు ముగ్గురు బిడ్డలను ఉంచితే సూక్ష్మజీవులు వ్యాపించి మరణాలు జరుగుతున్న వేళ డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా ఒక మార్గం ఆలోచించారు. బిడ్డలను తల్లుల ఎదపై చర్మానికి చర్మం తగిలేలా ఉంచారు. అదే కంగారూ సంరక్షణగా ప్రసిద్ధి చెందింది. 2021లో ప్రచురితమైన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం భారతదేశంతో సహా అయిదు దేశాల ఆసుపత్రులలో దీనిని పరీక్షించింది. బిడ్డ నిలదొక్కుకునే వరకు వేచి ఉండకుండా పుట్టిన వెంటనే కంగారూ సంరక్షణ మొదలుపెడితే 1 నుండి 1.8 కిలోల బరువు బిడ్డలలో మరణాలు 25 శాతం తగ్గాయని తేలింది.

కనుక తల్లి విభాగం బయట కూర్చుని ఎదురుచూసే మనిషి కాదు, చికిత్సలో భాగస్వామి. కుటుంబ సభ్యులకు నేర్పి, వారి చేతనే సంరక్షణ చేయించే పద్ధతికి కేంద్ర ప్రభుత్వం 2017లో మార్గదర్శకాలు వెలువరించింది. బిడ్డకు చప్పరించే శక్తి లేకపోతే తల్లి పాలు పిండి గొట్టం ద్వారా గాని, గిన్నెతో గాని పడతారు. తొలి దినాల ముర్రుపాలు చెంచాడే వచ్చినా పారబోయకూడదు, అవి బిడ్డకు తొలి రక్షణ కవచం. లోనికి వెళ్లే ప్రతి ఒక్కరూ గాజులు, ఉంగరాలు తీసి, మోచేతుల వరకు సబ్బుతో కడుక్కోవాలి. వైద్యుడైనా, తాతగారైనా ఈ నియమం ఒక్కటే. ఆసుపత్రులలో తిరిగే సూక్ష్మజీవులు చాలా మందులకు లొంగనివి. వాటిని ఆపగల చౌకైన ఆయుధం కడిగిన చేయి.

సగంలో విడిచిపోవద్దు

వారం గడిచేసరికి కుటుంబంపై ఒత్తిడి పెరుగుతుంది. ఇంటి వద్ద చిన్నపిల్లలు ఉంటారు, కూలి పోతుంది, కోతలు దగ్గరపడతాయి. బిడ్డ కళ్లు తెరిచింది, పాలు త్రాగుతున్నది, ఇక చాలునని సలహాకు విరుద్ధంగా వెళ్లిపోయేవారు ఉంటారు. సెప్సిస్‌కు మందులు పూర్తి కాలం వాడకపోతే జబ్బు మరలి వస్తుంది. బరువు పెరగకముందే ఇంటికి చేరిన బిడ్డకు ఒక చలి రాత్రి చాలు. ఇంటికి పోవాలనిపించినప్పుడు ముందు వైద్యులను అడగవలసిన ప్రశ్న ఇది: ‘ఇంకా ఎన్నాళ్లు, ఎందుకు?’ జవాబు అర్థమైతే నిలవడం సులభమవుతుంది.

ఇక్కడే భాష అడ్డుగోడ అవుతుంది. ఒడియా రాని తెలుగు కుటుంబం, ఒడియాగాని తెలుగుగాని సరిగా రాని కువి మాట్లాడే కుటుంబం ప్రక్కప్రక్క శయ్యల వద్ద కూర్చునే ప్రాంతం మనది. రెండు మూడు భాషలు తెలిసిన పట్టణవాసులు ఈ చోట చేయగల ఉపకారం గొప్పది. ప్రక్క మంచం తల్లికి వైద్యుని మాటను ఆమె భాషలో ఒక్కసారి చెప్పడం కూడా ఒక ప్రాణాన్ని నిలబెట్టగలదు.

ఇంటికి వచ్చిన తరువాత

విడుదల పత్రం చికిత్స ముగింపు కాదు. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి రావాలి. ఇంటి వద్ద కాన్పు అయితే మొదటి రోజున కూడా రావాలి. ఈ పద్ధతికి బీజం మన పొరుగున, తెలంగాణ సరిహద్దులోని గడ్చిరోలిలో పడింది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు గ్రామ మహిళలకు శిక్షణనిచ్చి ఇంటింటా నవజాత సంరక్షణ చేయించగా, మూడవ సంవత్సరానికి ఇతర గ్రామాలతో పోలిస్తే నవజాత మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రకటించారు.

రెండు కిలోలకు తక్కువ బరువుతో, లేదా 34 వారాలలోపు పుట్టిన బిడ్డకు నెల నిండేలోపు కంటి పరీక్ష తప్పనిసరి. నెలలు నిండని బిడ్డ కంటిలోని రక్తనాళాలు అస్తవ్యస్తంగా పెరిగితే చూపు పోవచ్చు. సకాలంలో గుర్తిస్తే చికిత్స ఉంది. వినికిడి పరీక్ష కూడా చేయించాలి. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీళ్లు, తేనె, ఉగ్గు వద్దు.

కలిసి చర్చించండి

జార్ఖండ్‌లోని రెండు జిల్లాలలో, మన ఒడిశాలోని కియోంఝర్ జిల్లాలో మహిళా బృందాలు నెలనెలా కూర్చుని ఇటువంటి విషయాలు చర్చించగా, మూడేళ్లలో నవజాత మరణాల రేటు ఇతర గ్రామాలకన్నా 32 శాతం తక్కువగా నమోదైంది. ఈ అధ్యయనం 2010లో వెలువడింది. మాట్లాడుకోవడం కూడా ఒక వైద్యమేనని దీనివల్ల తెలుస్తున్నది. కనుక ఈ ప్రశ్నలను మీ ఇంట, మీ వీధి సంఘంలో చర్చించండి.

1. మీ ఇంటి నుండి నవజాత విభాగం గల ఆసుపత్రికి రాత్రివేళ చేరడానికి ఎంత సమయం పడుతుంది? ఫోన్ ఎవరు చేస్తారు?
2. తల్లి ఆసుపత్రిలో మూడు వారాలు ఉండవలసివస్తే ఇంటి పిల్లలను ఎవరు చూసుకుంటారు?
3. బిడ్డ పొట్టను, పాదాలను తాకి చలిని గుర్తించడం ఇంటిలో ఎవరెవరికి తెలుసు?
4. మీ వీధిలో బాలింత ఉన్న ఇల్లు ఏది? ఈ వారం అక్కడకు ఎవరు వెళ్లి వస్తారు?

చివరి ప్రశ్నకు జవాబు దొరికిన తరువాత ఆ ఇంటికి వెళ్లండి. బిడ్డ ముద్దుగా ఉందని, బుద్ధిగా ఉందని అనవచ్చు. దానితోపాటు ‘పాలు బాగా త్రాగుతోందా తల్లీ?’ అని కూడా అడగండి.